అతని ఒప్పుదల అక్కరలేదు

ఆడపిల్లల హాస్టలు వార్డెన్ అంటే తాళాలు వేయడం, హాజరు తీసుకోవడం, సాంబారు పలచనైందన్న ఫిర్యాదు వినడం అని చాలామంది అనుకుంటారు. ఆ పనులన్నీ నేనూ చేశాను. వాటి గురించి రాయను. చేరిన వారంలోనే అవి ఎవరికైనా పట్టుబడతాయి. పగలు డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెప్పి, సాయంత్రం చర్చాపోటీలకు తర్ఫీదు ఇచ్చి, మిగిలిన వేళంతా హాస్టలు చూసుకున్న నాకు, ఆ ఉద్యోగంలో అసలు పని ఏదో తెలియడానికి చాలాకాలం పట్టింది.

అసలు పని ఇది. ఒక పిల్ల మీ గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఏమ్మా అని అడిగితే "ఏం లేదు మేడం" అంటుంది. అని, వెళ్ళకుండా అక్కడే ఉంటుంది. ఆ "ఏం లేదు"కూ ఆ వెళ్ళకపోవడానికీ మధ్య ఉన్న దూరంలోనే మీ ఉద్యోగమంతా ఉంది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిల కోసం, అబ్బాయిల కోసం కూడా, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రశ్నలోనే ఉన్న పొరపాటు

నేను చదువుకునే రోజుల్లో చర్చావేదికల మీదే పెరిగాను. మాకు చర్చ నేర్పిన మాస్టారు ఒక నియమం పెట్టారు. విషయం చేతికి రాగానే జవాబు కోసం పరుగెత్తకూడదు. ముందు ప్రశ్నను పరీక్షించాలి. ప్రశ్న వంకరగా ఉంటే ఎంత నేర్పుగా చెప్పిన జవాబైనా వంకరగానే వస్తుంది.

ప్రేమ పేరుతో దెబ్బలు తింటున్న పిల్ల గురించి అందరూ అడిగేది ఒకటే. "వాణ్ణి ఎందుకు వదిలిపెట్టదు?" స్టాఫ్ రూములో అడుగుతారు, మెస్సులో అడుగుతారు, ఆమె స్నేహితురాళ్ళు మరీ కోపంగా అడుగుతారు. ఈ ప్రశ్నలో ఒక అబద్ధం దాక్కుని ఉంది. తలుపు తీసే ఉంది, ఆమే బయటికి రావడం లేదు అన్నది ఆ అబద్ధం. నేను చూసినంతలో ఆ తలుపు ఎప్పుడూ తీసి లేదు. బయట ఏం కాచుకుని ఉందో ఆమెకు తెలుసు, మనకు తెలియదు. కాబట్టి సరైన ప్రశ్న వేరు. "బయటికి వస్తే నీకేం జరుగుతుందని అనుకుంటున్నావు?" ఇది అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోగలిగితే సగం పని అయినట్టే.

గదిలో ఐదో మనిషి

నా గుమ్మం దగ్గరికి అలా వచ్చిన ఒక పిల్లను ఇక్కడ కావేరి అంటాను. బోగోలు మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. తండ్రి సముద్రం మీద చేపల వేటకు పోతాడు, తల్లి అంకమ్మ గంపతో టౌను మార్కెట్లో చేపలు అమ్ముతుంది. ఆ ఊరి నుంచి హాస్టల్లో ఉండి డిగ్రీ చదవడానికి వచ్చిన మొదటి ఆడపిల్ల కావేరే. నా చర్చాబృందంలో ఆమెది ప్రత్యేకమైన పద్ధతి. ఎదుటివాళ్ళ వాదనను ముందు వాళ్ళకంటే బాగా తానే చెప్పి, ఆ తరువాత విప్పేది. గొంతు పెంచేది కాదు.

రెండో ఏడాది మధ్యలో ఆమె ఒకరోజు వచ్చి, ఇక చర్చలకు రానంది. చదువు ఎక్కువగా ఉందంది. అంత ఉక్కపోతలోనూ మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుని ఉంది.

ఆ గదిలోనే ఉండే లావణ్య చిట్టమూరు వైపు వరి రైతు కూతురు. నోరు ఊరుకోదు. మెస్సు దగ్గర నవ్వుతూనే అన్నది: "మా గదిలో నలుగురం కాదు మేడం, ఐదుగురం. ఆ అయిదో ఆయన ఫీజు కట్టడు. పుస్తకాలకి ఆనుకోని రోజంతా కూచోనుంటాడు."

అర్థం కాక గదికి వెళ్ళి చూశాను. కావేరి చదువుకుంటోంది. ఆమె ఎదురుగా, పుస్తకాల దొంతరకు ఆనించి, ఫోను. వీడియో కాల్ నడుస్తూనే ఉంది. తెరలో ఒక అబ్బాయి, తన గదిలో తను, ఏదో తింటున్నాడు. ఆమె తినేటప్పుడు, చదివేటప్పుడు, లావణ్యతో మాట్లాడేటప్పుడు ఆ ఫోను అలాగే ఉండాలి. ఆపితే ఎందుకు ఆపావని మర్నాడు సంజాయిషీ చెప్పుకోవాలి.

అతను మా కాలేజీలోనే బీకాం చివరి ఏడాది. పేరు భరత్ అనుకుందాం. కోట మండలంలో రొయ్యల చెరువులున్న కుటుంబం. టౌనులో గది తీసుకుని ఉండేవాడు. చూడడానికి మర్యాదస్తుడు, లెక్చరర్లు ఎదురైతే బండి ఆపి నమస్కారం పెట్టేవాడు. మొదట్లో అతను ఆమె చర్చలకు వచ్చి ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాడట. తరువాత, అంతమంది మగపిల్లల ముందు నిలబడి మాట్లాడటం ఎందుకన్నాడు. ఆ తరువాత చెయ్యి మెలిపెట్టాడు. మెలిపెట్టిన ప్రతిసారీ ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి కావేరే అతన్ని ఓదార్చేది.

ఒకరోజు ఆమెను నా గదిలో కూర్చోబెట్టి ఆ సరైన ప్రశ్న అడిగాను. చివరికి అన్నది: "వాడి దగ్గర నా ఫొటోలు ఉండాయి మేడం. వాడు మా ఊళ్ళో చెప్తాడు. మా కాపులు దురాయి వేస్తారు. ఇంక మా ఊరి నించి ఏ ఆడపిల్లనీ హాస్టల్లో చేర్చరు. నా చెల్లెలు తొమ్మిదిలో ఉంది."

మా తీరంలో చేపలు పట్టే ఊళ్ళకు పెద్దలుంటారు; వాళ్ళను కాపులంటారు. వాళ్ళు దురాయి వేశారంటే ఊరంతా పాటించాల్సిన కట్టడి చేశారని. వేట మీద వేస్తే ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగదు. ఆ మాట బరువు నాకు తెలుసు. అయినా అడిగాను.

"మీ ఊళ్ళో ఎప్పుడైనా ఆడపిల్లల చదువు మీద దురాయి వేశారా?"

"లేదు మేడం."

"మరి వేస్తారని ఎవరన్నారు?"

ఆమె ఆలోచించింది. "భరత్."

"కోట పిల్లవాడికి మీ ఊరి దురాయి గురించి ఎలా తెలుసు?"

"నేనే చెప్పినా. మా ఊరి సంగతులు చెప్పమని అడిగేవాడు మేడం మొదట్లో. ఇష్టంగా వినేవాడు."

ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి. ఇలాంటి అబ్బాయిలు కొత్తగా భయాలు తయారుచేయరు. మంచిగా ఉన్న రోజుల్లో మనం నమ్మి చెప్పుకున్న వాటినే దాచిపెట్టుకుని, తరువాత మన మీదికి తిప్పుతారు.

కారణాల ఉచ్చు

కావేరి అతన్ని వదలడానికి ప్రయత్నించలేదని కాదు. ప్రయత్నించిన ప్రతిసారీ అతను ఒకటే అడిగేవాడు: "ఎందుకో చెప్పు." ఆమె చెప్పేది. నువ్వు కొడుతున్నావు అంటే, కోపంలో జరిగింది, క్షమించమన్నా కదా అనేవాడు. నన్ను చర్చలకు పోనివ్వడం లేదు అంటే, సరే పో, ఎవరొద్దన్నారు అనేవాడు. ఫోను ఆపనివ్వవు అంటే, నమ్మకం లేకపోతే ప్రేమ ఎందుకు అనేవాడు. ఒక్కో కారణానికి ఒక్కో జవాబు. జవాబులు అయిపోయేసరికి ఆమె దగ్గర కారణాలు అయిపోయేవి. కారణం లేకుండా వదిలేయడం అన్యాయం అనిపించేది ఆమెకు. చర్చలో పెరిగిన పిల్ల కదా!

ఇందులో నా తర్ఫీదు వాటా ఉందేమోనని ఇప్పటికీ ఆలోచిస్తాను. ప్రతి ప్రశ్నకూ జవాబు బాకీ ఉన్నామన్న మర్యాద మంచిదే. కానీ ప్రశ్న అడుగుతున్నవాడు వినడానికి అడుగుతున్నాడా, పట్టుకుని ఉంచడానికి అడుగుతున్నాడా అన్నది విడదీసి చూడటం కూడా నేర్పాలి.

రాఖీ

బస్టాండులో అందరూ చూస్తుండగా అతను ఆమెను చెంపమీద కొట్టాడు. విషయం ప్రిన్సిపాల్ గారి దాకా వెళ్ళింది.

మా ప్రిన్సిపాల్ గారు మంచివారు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. ఫీజు కట్టలేని పిల్లల కోసం ఆయన తిరిగిన గుమ్మాలు నాకు తెలుసు. కానీ ఆయనకు గొడవ అంటే పడదు. గొడవ ఆగిపోతే న్యాయం జరిగినట్టే అనుకునేవారు. మా ప్రాంతపు కాలేజీల్లో ఇటువంటి వ్యవహారాలకు పెద్దవాళ్ళు తరతరాలుగా వాడుతున్న మందు ఒకటుంది. ఆయన అదే వాడారు. ఇద్దరినీ తన గదికి పిలిపించారు. నన్నూ రమ్మన్నారు. హాస్టలు గేటు దగ్గర కాపలా ఉండే రమణయ్యను రాఖీ తెమ్మని పంపారు. రాఖీ పండగ రోజులు కావు కనుక టౌనంతా తిరిగినా దొరకలేదు. ఆఫీసులో వినాయకుడి పటం దగ్గరున్న ఎర్రదారం ఉండ అతనితోనే తెప్పించి ముక్క తెంచారు.

"కట్టమ్మా. ఇవాళ్టి నుంచి మీరు అన్నాచెల్లెళ్ళు. పాత సంగతులన్నీ మర్చిపోండి."

నేను లేచాను. "సార్, ఆ అమ్మాయి అడుగుతున్నది చెల్లెలుగా ఉండటం కాదు. అతనితో ఏ వరసా లేకుండా ఉండటం."

"మేడం, మీరు ప్రతిదాన్నీ డిబేటు చేస్తారు. పిల్లల జీవితాలివి. కేసు అంటే ఇద్దరి పేరూ పోతుంది."

వాదించాను. ఓడిపోయాను. కావేరి దారం కట్టింది. భరత్ ప్రిన్సిపాల్ గారి కాళ్ళకు మొక్కాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. టీ తెప్పించారు.

ఆదివారం సందర్శకుల రోజు. హాస్టల్లో తల్లినీ తండ్రినీ అన్నదమ్ములనూ రానిస్తారు. రమణయ్య నా గదికి వచ్చాడు.

"మేడం, కావేరమ్మ కోసం వాళ్ళ అన్న వచ్చినాడు. హాల్లో కూచోబెట్టినా."

"ఏ అన్న? కావేరికి అన్నలెవరూ లేరే."

"అదే మేడం, ఆ భరత్ బాబు."

"ఎవరు రానిచ్చారు?"

రమణయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనే రానిచ్చినా. దారం చూపించినాడు. ప్రిన్సిపాల్ గారి గదిలో కట్టింది గదా మేడం, దారం ఉండ అందించింది నేనే. ఇప్పుడు అన్న కాదంటే ఎట్టా?"

మేము చేసిన చట్టాన్ని అతను సక్రమంగా పాటిస్తున్నాడు.

హాల్లోకి వెళ్ళేసరికి అతను మలైకాజా పొట్లం బల్ల మీద పెట్టుకుని, వినయంగా లేచి నిలబడ్డాడు. కావేరి మెట్లు దిగి వచ్చి గోడ పక్కనే ఆగిపోయింది.

"చెల్లెమ్మా, అన్న ఫోన్ చేస్తే తియ్యాల గదా" అన్నాడు నవ్వుతూ. నా వైపు తిరిగి, "ఎవరితో తిరుగుతుందో, ఏం చేస్తుందో చూసుకోవాల్సింది ఇప్పుడు నేనే గదా మేడం" అన్నాడు.

అంతకుముందు అతను దొంగచాటుగా చేసిన కాపలాకు ఇప్పుడు ఒక పేరూ, ఒక దారమూ, ఒక గౌరవమూ వచ్చాయి. సందర్శకుల వేళ అయిపోయిందని చెప్పి పంపేశాను. అది అబద్ధం. వేళ చాలా ఉంది.

అధ్యక్షుల వైపు తిరిగి

అతను వెళ్ళాక కావేరి ఆ హాల్లోనే కూర్చుంది. ఏడవలేదు. "వాడికి అర్థమయ్యేటట్టు చెప్పడం నాకు చేతకావడం లేదు మేడం" అన్నది.

అంతవరకూ నేను కూడా ఆమెకు కారణాలే చెబుతూ వచ్చాను. వదిలేయడానికి ఫలానా కారణం, ఫలానా కారణం అని. అతను చేసిన పనే మరో దిక్కు నుంచి చేశాను. ఆ రోజు మానేశాను.

"చర్చలో నువ్వు ఎవరి వైపు తిరిగి మాట్లాడేదానివి?"

"అధ్యక్షుల వైపు."

"ఎదుటి జట్టు వైపు ఎందుకు తిరగకూడదు?"

"వాళ్ళను ఒప్పించడం మన పని కాదు. వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోనవసరం కూడా..."

ఆగిపోయింది. తరువాత అడిగింది: "అయితే ఇక్కడ అధ్యక్షులెవరు మేడం? మీరా?"

"నేను కాదు. ఎవరో నువ్వే చెప్పాలి. వాడు ఎవరికి చెబుతాడని నీకు అన్నిటికంటే భయం?"

"అమ్మకి."

మర్నాడు కావేరి రమ్మంటే అంకమ్మ చేపలు అమ్మడం ముగించుకుని వచ్చింది. గంప గేటు దగ్గర పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. కావేరి చెప్పడం మొదలుపెట్టింది. ఫొటోల సంగతితో సహా ఏదీ దాచలేదు. అంకమ్మ కూతురి చొక్కా చెయ్యి పైకి తోసి చూసింది. ముఖం తిప్పుకుంది.

"పద. పెట్టె సర్దుకో. చదివింది చాలు."

నేను నోరు తెరవబోయి ఆగాను. ఆమె చదువు నిలబడటమో పోవడమో ఆ నిమిషంలో ఉంది. అయినా అది నేను మాట్లాడాల్సిన చోటు కాదు.

"వస్తా" అంది కావేరి. "ఎందుకొచ్చిందని ఊళ్ళో అడిగితే ఏం చెప్తావు?"

"జొరమని చెప్తా."

"వాడు ఇంకోటి చెప్తాడు. నువ్వు అబద్ధం చెప్పినావని తేలుద్ది. ఇప్పుడు వాడికి నా ఒక్కదాని మీదే పట్టుంది మా. అప్పుడు నీ మీద కూడా దొరుకుద్ది."

అంకమ్మ నా వైపు చూసింది. "దీనికి మాటలు బాగా నేర్పించినావమ్మా."

"అందుకే గదా పంపించినావు" అంది కావేరి.

తల్లికి నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే నన్నేం చెయ్యమంటావే?"

"ఎవురొచ్చి ఏం చెప్పినా, నాకు తెలుసు అని చెప్పు. అంతే మా."

"మీ నాయనకో?"

"నువ్వే చెప్పు. వాడు చెప్పకముందే."

"కాపులు?"

కావేరి తలదించుకుంది. అంకమ్మే అన్నది: "వాళ్ళు దురాయి వేసేది పడవలకి. నేను పోయి మాట్లాడతాలే."

ఆ సాయంత్రం కావేరి అతనికి ఒకే సందేశం పంపింది. 'ఇక నీతో మాట్లాడను. కారణం చెప్పను.' పంపే ముందు నాకు చూపించింది. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు నేను.

కొన్ని కటువైన మాటలు

దాంతో అంతా చక్కబడిందని రాస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. అతను వేరే నంబర్ల నుంచి ఫోన్లు చేశాడు. చచ్చిపోతానన్నాడు. లావణ్యను బతిమాలాడు, తిట్టాడు. తల్లీకూతుళ్ళతో కలిసి నేను మహిళా పోలీసు స్టేషనుకు వెళ్ళాను. అక్కడి ఎస్సై అతన్నీ తండ్రినీ పిలిపించి, ఫోనులో ఫొటోలు తన ఎదుటే చెరిపించింది. ఇంకెక్కడైనా దాచుకున్నాడేమో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడంతోనే కావేరి బతకడం నేర్చుకోవాల్సి వచ్చింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇవి మరిచిపోవద్దు. "చివరిసారి ఒక్కసారి కలిసి మాట్లాడుకుందాం" అన్న మాటను నమ్మి ఏ పిల్లనూ పంపకండి. అన్నిటికంటే ప్రమాదం ఆ కలయికలోనే ఉంది. అసహ్యంతో మెసేజిలు చెరిపేయబోతే ఆపండి. రేపు అవే సాక్ష్యం. ఆమెను అడగకుండా ఆమె ఇంటికి ఫోను చేయకండి. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అయితే మాత్రం మొహమాటపడకండి. ఆమె తిరిగి అతని దగ్గరికి వెళితే అలగకండి. అలిగితే ఈసారి మీ గుమ్మం దగ్గరికి రాదు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి రాజీ చేయకండి. సమానమైన ఇద్దరి మధ్యే రాజీ. దెబ్బ కొట్టినవాడికీ తిన్నదానికీ మధ్య జరిగేది రాజీ కాదు, అప్పగింత.

ప్రిన్సిపాల్ గారికి ఆదివారం జరిగింది చెప్పాను. "నేను ఒక ముడి విప్పాననుకున్నాను మేడం" అన్నారు. హాస్టలు నియమం మార్చడానికి ఆ రోజే సంతకం పెట్టారు. అప్పటినుంచి చుట్టరికంతో పని లేదు. ఎవరిని రానివ్వాలో ఆ పిల్లే చెబుతుంది.

తరువాతి ఆదివారం

సందేశం పంపిన తరువాతి ఆదివారం, మేము ఇంకా పోలీసుల దగ్గరికి వెళ్ళకముందు జరిగిన సంగతి చెప్పి ముగిస్తాను. కొత్త నియమం ఇంకా గేటు దాకా రాలేదు. అంకమ్మ కూతుర్ని చూడటానికి వచ్చి, కావేరి స్నానం చేసి వచ్చేలోగా రమణయ్య బల్ల దగ్గర కూర్చుని ఉంది. నేను వరండాలో ఉన్నాను. భరత్ బండి ఆపి, చొక్కా చెయ్యి మడిచి, రంగు వెలిసిన దారం కనబడేటట్టు వచ్చాడు.

"ఎవురి కోసం నాయనా?" అంకమ్మే అడిగింది.

"మా చెల్లెలు కోసం."

"పేరు?"

"కావేరి."

అంకమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "నా కడుపున ఇద్దరూ ఆడపిలకాయలే పుట్టినారే. నువ్వు యాడ నించి వచ్చినావు?"

రమణయ్య బల్ల మీది నుంచి లేచాడు. ఆవిడ ఎవరో భరత్‌కు అర్థమయింది. గొంతు తగ్గించాడు. "మీ అమ్మాయి సంగతి మీకు తెలవదు. నేను చెప్తే..."

"తెలుసు" అంది అంకమ్మ.

"ఏం తెలుసు? నా కాడ..."

"తెలుసు నాయనా. మా ఆయనకి తెలుసు. మా కాపులకి నేనే చెప్పినా. ఇంకా ఎవురికి చెప్పాలో చెప్పు, నేనే పొయ్యి చెప్పొస్తా."

అతను నా వైపు చూశాడు, రమణయ్య వైపు చూశాడు. మణికట్టు మీద చొక్కా కిందికి లాక్కున్నాడు. రమణయ్య గేటు సగం మూసి, అతను దాటాక మిగతా సగం మూశాడు.

బండి చప్పుడు వినబడిందేమో, కావేరి పై మెట్టు మీదే నిలిచిపోయింది. తడి జుట్టు భుజాల మీద ఉంది.

"ఎవురొచ్చినారు మేడం నాకోసం?"

"మీ అమ్మ."

"ఇంకెవురు?"

"ఇంకెవరూ లేరు."

అప్పుడు దిగి వచ్చింది.